పల్చటి ట్యూబ్, గట్టి ఫ్రేమ్: పోటీ రోబోల చట్రాల వెనక లెక్క

హైస్కూలు విద్యార్థులు రోబోలు కట్టి పోటీపడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్‌లో 2024 సీజన్‌లో ఒక్కో రోబో 125 పౌండ్ల వరకు, అంటే సుమారు 56.7 కిలోల వరకు, బరువు ఉండొచ్చన్నది నిబంధన. బంపర్లు, బ్యాటరీ ఈ లెక్కలోకి రావు. 2025లో ఆ హద్దు 115 పౌండ్లకు దిగింది. తగ్గింది నాలుగున్నర కిలోలే. కానీ మోటార్ల బరువు మన చేతిలో లేదు, కంట్రోలర్ బరువు అంతకంటే లేదు. అందుకే ఇలాంటప్పుడు అందరి చూపూ ఫ్రేమ్ మీదకే పోతుంది.

అక్కడే గొడవ మొదలవుతుంది. పల్చటి ట్యూబ్ వేద్దామని ఒకరంటారు. వేస్తే వంగిపోతుందని ఇంకొకరు. ఖరీదైన అల్యూమినియం కొంటే సరిపోతుందని మూడో మనిషి. నాలుగో మనిషి ఏమీ అనడు, ఈలోగా డ్రిల్ తీసుకుని చిల్లులు పెట్టడం మొదలుపెట్టేస్తాడు. వినడానికి నలుగురూ ఒకే విషయం మీద పోట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ, నిజానికి నలుగురివీ నాలుగు వేరే విషయాలు. వాటిని విడదీస్తే వాదన సగం చల్లారుతుంది.

బలం వేరు, దృఢత్వం వేరు

సన్నటి స్టీలు స్కేలును రెండు చేతులతో వంచితే విల్లులా వంగుతుంది. వదిలితే మళ్లీ తిన్నగా అవుతుంది. దానికి బలం ఉంది, దృఢత్వం లేదు. సుద్దముక్క దీనికి పూర్తిగా రివర్సు. ఎంత నొక్కినా వంగదు, ఉన్నట్టుండి టక్కున విరుగుతుంది. దానికి దృఢత్వం ఉంది, బలం లేదు.

ఒక వస్తువు విరగకుండా, శాశ్వతంగా వంగిపోకుండా ఎంత భారం మోయగలదో చెప్పేది బలం. అదే భారానికి అది ఎంత కదులుతుందో, ఎంత సాగుతుందో చెప్పేది దృఢత్వం, అంటే స్టిఫ్‌నెస్. మాటల్లో రెండింటినీ "గట్టిగా ఉంది" అనేస్తాం. చిక్కంతా ఈ మాటతోనే.

రోబో ఫ్రేములు విరగడం అరుదు. అవి పాడుచేసేది కదలడం వల్ల. ఈ పోటీ రోబోల్లో ఎక్కువగా కనిపించే 20 పిచ్ (వ్యాసంలో అంగుళానికి 20 పళ్లు) గేర్లలో పన్ను మొత్తం ఎత్తు 3 మి.మీ. కూడా ఉండదు. ఫ్రేమ్ వంగి రెండు గేర్ల ఇరుసులు ఒక మిల్లీమీటరు ఎడమైతే పళ్లు పూర్తి లోతు కలవవు, భారం పెరిగితే జారొచ్చు. ఆరు చక్రాల రోబోలో మధ్య చక్రాలను మిగతావాటికంటే 3 మి.మీ. కిందికి పెట్టడం మామూలు, సులువుగా తిరగడానికి. ఫ్రేమే 3 మి.మీ. వంగితే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

నేను టీమ్‌లో ఉన్న ఏడాది మా రోబో తిన్నగా పొమ్మంటే కొంచెం ఎడమకు లాగేది. ప్రోగ్రామ్‌లో తప్పుందని రెండు రాత్రులు కోడ్ తవ్వాం. మోటార్లు మార్చాం. చివరికి ఎవరో విసుగొచ్చి టేపుతో ఫ్రేమ్ రెండు కర్ణాలు కొలిచారు. ఒకటి ఇంకోదానికంటే 9 మి.మీ. ఎక్కువ. మా చదరం వజ్రం ఆకారంలోకి జారిపోయింది. ఒక్క ట్యూబ్ వంగలేదు, ఒక్క బోల్టు తెగలేదు. ఇది ఎలా సాధ్యమో కింద మూలల దగ్గరికి వచ్చినప్పుడు తేలుతుంది.

ఖరీదైన లోహం కొంటే వంపు తగ్గుతుందా?

లోహం ఎంత దృఢమో చెప్పే కొలతను యంగ్ గుణకం అంటారు. స్టీలుకు అది దాదాపు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానికి 69. అంటే ఒకే కొలతల్లో చేసిన కమ్మీల్లో స్టీలుది మూడింతల దృఢత్వం. కానీ బరువు కూడా మూడింతలే: స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియంది 2.7. దృఢత్వాన్ని సాంద్రతతో భాగిస్తే రెండింటికీ 25.5 దగ్గర తేలుతుంది. టైటానియం, మెగ్నీషియం తీసుకున్నా అంకె 25, 26 మధ్యే తిరుగుతుంది. ప్రకృతి ఎందుకో ఈ నాలుగు లోహాలకూ ఒకే మార్కులు వేసింది.

మరి అందరూ అల్యూమినియమే ఎందుకు వాడతారు? అదే బరువుకు అది దాదాపు మూడింతలు మందంగా వస్తుంది కాబట్టి. రేకు వంగకుండా నిలబడే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. కాబట్టి ఒకే బరువున్న రెండు రేకుల్లో అల్యూమినియంది స్టీలుకంటే దాదాపు 8 రెట్ల దృఢత్వం. పైగా అల్యూమినియం ట్యూబ్ బరువుకే స్టీలు ట్యూబ్ చేయాలంటే గోడ మూడో వంతు మందానికి దిగాలి. అంత పల్చటి గోడ దెబ్బ తగిలితే సులువుగా సొట్ట పడుతుంది.

ఇక అల్యూమినియంలోనే రకాలు. 6063, 6061, 7075 అనే నంబర్లు అందులో కలిపిన ఇతర లోహాలను బట్టి వస్తాయి. వెనకున్న టీ6 అన్నది దాన్ని వేడిచేసి, చప్పున చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచి గట్టిపరిచారని చెప్పే గుర్తు. శాశ్వతంగా వంగడం మొదలయ్యే హద్దు 6063-టీ6కు సుమారు 214 మెగాపాస్కల్స్, 6061-టీ6కు 276, 7075-టీ6కు 500 పైన. తేడా పెద్దదే. కానీ అదంతా బలంలో తేడా. యంగ్ గుణకం మూడింటికీ 69 నుంచి 72 లోపే. 6061 ట్యూబ్ వంగుతోందని 7075 కొంటే డబ్బు పోతుంది గానీ వంపు పోదు. గుద్దుకున్నప్పుడు సొట్ట పడే చోట, ఇరుసుల్లాంటి చోట మాత్రం 7075కు విలువ ఉంది. అందుకే ఆ లోహాన్ని కొట్టిపారేయలేం, తప్పు జబ్బుకు మందుగా వాడటమే సమస్య.

అదే లోహాన్ని దూరంగా పెడితే

ఒక లెక్క చేద్దాం. 50 మి.మీ. ఎత్తు, 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం ట్యూబ్. మీటరు బరువు 1.12 కిలోలు. దీన్ని అంతే బరువున్న గట్టి చదరపు కమ్మీగా మార్చామనుకోండి. భుజం 20 మి.మీ. చిల్లర ఉంటుంది. అదే లోహం, అంతే బరువు. కానీ వంపును ఆపడంలో ట్యూబ్ ఆ కమ్మీకంటే దాదాపు 9 రెట్లు మెరుగు.

కారణం ఇది. కమ్మీ వంగేటప్పుడు పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది, నడిమి పొరకు పెద్ద పనేమీ ఉండదు. లోహం నడిమి గీతకు ఎంత దూరంలో ఉంటే వంపును అంత గట్టిగా ఆపుతుంది, అదీ దూరం వర్గంతో. ట్యూబ్ చేసేది ఇదే, నడుమ ఖాళీగా కూర్చున్న లోహాన్ని తీసి అంచులకు పంపుతుంది. అదే ట్యూబ్‌ను నిలువుగా కాక అడ్డంగా పడుకోబెడితే దృఢత్వం మూడో వంతుకు పడిపోతుంది. పైసా ఖర్చు లేకుండా మూడింట రెండు వంతులు పోగొట్టుకునే మార్గం ఇది.

ఇప్పుడు గోడను 3 నుంచి 1.5 మి.మీ.కు తగ్గిద్దాం. బరువు మీటరుకు 0.58 కిలోలు, అంటే 52 శాతం. దృఢత్వం 56 శాతం. 700 మి.మీ. ట్యూబ్‌ను రెండు చివర్లా ఆనించి నడుమ 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల బరువు పెడితే మందపు ట్యూబ్ 0.41 మి.మీ. కుంగుతుంది, పల్చటిది 0.74 మి.మీ. లోహంలో ఒత్తిడి పల్చటి దాంట్లో కూడా 31 మెగాపాస్కల్స్ మాత్రమే, హద్దేమో 276. ఇది నెమ్మదిగా పెట్టిన బరువు లెక్క, పరుగెత్తుకొచ్చి గుద్దే రోబో లెక్క వేరు. అయినా "పల్చటిది వంగిపోతుంది" అన్న భయం ట్యూబ్ నడిభాగం విషయంలో పెద్దగా నిలబడదు. భయపడాల్సిన చోటు వేరే ఉంది.

వంపుకంటే మెలిక ప్రమాదం

ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచులు అతికించకుండా చేతుల్లో పట్టుకుని మెలిపెట్టి చూడండి. అంచులు ఒకదాని మీద ఒకటి జారి ఇట్టే మెలితిరుగుతుంది. ఇప్పుడు అంచు పొడవునా టేపు వేసి మళ్లీ ప్రయత్నించండి. అదే కాగితం, మొండికేస్తుంది.

మన 50×25×3 ట్యూబ్‌కు పొడవునా రంపంతో ఒక్క సన్నటి గీత కోస్తే, మెలికను ఆపే శక్తి దాదాపు 75వ వంతుకు పడిపోతుంది. 1.5 మి.మీ. గోడ అయితే 330వ వంతుకు. బరువులో తేడా కొన్ని గ్రాములే. మూసిన గొట్టంలో మెలిక ఒత్తిడి గోడల వెంట చుట్టూ తిరిగి వస్తుంది. గీత కోశాక ఆ దారి తెగిపోతుంది.

సీ ఆకారపు ఛానల్, ఎల్ ఆకారపు యాంగిల్ మెలికలో ఎందుకు అంత బలహీనమో ఇక్కడ తెలుస్తుంది. వెక్స్ అనే ఇంకో రోబో పోటీల్లో విద్యార్థులు వాడేవి ఎక్కువగా అరంగుళానికో చిల్లు ఉన్న సీ ఛానళ్లే. బోల్టులు బిగించడానికి చెయ్యి లోపలికి వెళ్తుంది, అది పెద్ద సుఖం. మెలిక ఎక్కువున్న చోట రెండు ఛానళ్లను ఎదురెదురుగా పెట్టి బిగించి పెట్టెలా మూసేస్తారు. బరువు రెండింతలవుతుంది, మెలికను ఆపే శక్తి దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నాలుగు ట్యూబుల చదరం ఎందుకు ఊగుతుంది

ట్యూబులు ఎంత మంచివైనా నాలుగింటిని చదరంగా కలిపితే అది రెండు రకాలుగా కదులుతుంది. మొదటిది పక్కకు జారడం, చదరం వజ్రం అవడం, మా రోబోకు పట్టిన జబ్బు. రెండోది మెలితిరగడం, ఒక మూల పైకి లేచినా పక్క మూల నేల మీదే ఉండిపోవడం.

మొదటిదానికి మందు త్రిభుజం. ఒక కర్ణం వేసినా చాలు. అంతకంటే వాడుకలో ఉన్నది కింద పల్చటి రేకు పరచడం, బెల్లీ పాన్ అంటారు. రేకు తనంతట తాను గాలికి ఊగేంత పల్చగా ఉన్నా, నాలుగు అంచులూ రివెట్లతో ట్యూబులకు పట్టేస్తే చదరం జారాలంటే రేకు తన తలంలోనే సాగాలి. అది దాదాపు జరగని పని. ఎలక్ట్రానిక్స్ బిగించడానికి అదే నేల అవుతుంది.

బరువు లెక్క ఇక్కడ ఆసక్తిగా మారుతుంది. 700 మి.మీ. భుజమున్న చదరానికి నాలుగు ట్యూబులు 3 మి.మీ. గోడతో 3.13 కిలోలు. 1.5 మి.మీ. గోడతో 1.63. మిగిలింది కిలోన్నర. దాంట్లోంచి 1.32 కిలోలు ఖర్చుపెట్టి 1 మి.మీ. అల్యూమినియం రేకు పరిచామనుకోండి. రేకు లేని మందపు ఫ్రేమ్‌కంటే ఇది ఇంకా తేలికే, పక్కకు జారడంలో మాత్రం పోలికే లేదు. రేకు బదులు పాలికార్బనేట్ వేసేవాళ్లూ ఉన్నారు. అది పగలదు, నిజమే. కానీ దాని యంగ్ గుణకం అల్యూమినియంలో దాదాపు ముప్పయ్యో వంతు. బలానికీ దృఢత్వానికీ తేడా మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఎక్కువమంది పొరబడేది రెండో కదలిక దగ్గర. కింద రేకు వేశాం కదా, ఇక మెలితిరగదు అనుకుంటారు. మూత లేని చెప్పుల డబ్బాను తీసుకుని ఎదురు మూలలు పట్టుకుని మెలిపెడితే అడుగు ఉన్నా సరే అది అటూ ఇటూ మెలితిరుగుతుంది. మూత పెట్టి చుట్టూ టేపు వేస్తే ఆగిపోతుంది. కాగితం గొట్టం కథే మళ్లీ, ఈసారి ఫ్రేమ్ సైజులో. చదును ఫ్రేమ్‌కు మెలిక తగ్గాలంటే అది పెట్టె కావాలి: కింద ఒక రేకు, కొంచెం పైన ఇంకో రేకు లేదా అడ్డ కర్రల్లాంటి ట్యూబులు, వాటిని కలిపే పక్క గోడలు. లిఫ్టు కోసం నిలబెట్టే రెండు స్తంభాలకు వెనక నుంచి ఏటవాలు కట్టు వేసినా కొంత ఈ పని జరుగుతుంది.

మూలల్లో దాక్కున్న అర మిల్లీమీటరు

మా రోబో సంగతికి వద్దాం. మూలల్లో 5 మి.మీ. బోల్టులకు 5.5 మి.మీ. చిల్లులు పెట్టాం. ప్రతి బోల్టుకూ అటూ ఇటూ పావు మిల్లీమీటరు ఖాళీ. మూలకు రెండు బోల్టులు, మధ్య దూరం 40 మి.మీ. ఒక బోల్టు ఇటు, ఇంకోటి అటు జరిగితే 40 మి.మీ.లో అర మిల్లీమీటరు తేడా. 700 మి.మీ. ట్యూబ్ చివరికి వెళ్లేసరికి అది 8.75 మి.మీ. అవుతుంది.

బోల్టు గట్టిగా బిగిస్తే రెండు ముక్కల మధ్య రాపిడి ఆ జారుడును ఆపుతుంది, ఒక స్థాయి దాకా. దెబ్బ గట్టిగా తగిలితే జారి, జారిన చోటే మళ్లీ కూర్చుంటుంది. పల్చటి ట్యూబ్‌లో ఇంకో తంటా: బోల్టు గట్టిగా బిగిస్తే గోడే లోపలికి కుంగుతుంది. లోపల గొట్టం ముక్కో, దిమ్మో పెడితే తప్ప ఆ బిగువు రాదు. గోడ పల్చనయ్యే కొద్దీ ట్యూబ్ నడుమ భాగం హాయిగా ఉంటుంది, బాధంతా చిల్లుల దగ్గరే.

త్రిభుజపు ప్లేటు, గసెట్ అంటారు, మూల మీద వేసి బోల్టుల దూరాన్ని 40 నుంచి 120 మి.మీ.కు పెంచితే అదే ఖాళీకి చివర తేడా 3 మి.మీ. లోపుకు వస్తుంది. రివెట్ వేస్తే అది ఉబ్బి చిల్లును నింపేస్తుంది కాబట్టి ఖాళీ చాలావరకు పోతుంది. తేలిక, చవక, పాడైతే డ్రిల్‌తో తీసి కొత్తది కొట్టొచ్చు. లాగుడు ఎక్కువున్న చోట మాత్రం పాప్ రివెట్ నమ్మదగింది కాదు, అక్కడ బోల్టే.

వెల్డింగ్‌లో ఖాళీ అసలే ఉండదు. ఫ్రేమ్ ఒకే ముక్క అవుతుంది, దాన్ని ఇష్టపడేవాళ్లకు అదే కారణం. వద్దనేవాళ్ల మాటలోనూ నిజముంది. 6061-టీ6 బలమంతా ఆ వేడి చికిత్సలో ఉంది, వెల్డింగ్ వేడి దాన్ని చెరిపేస్తుంది. అతుకు చుట్టూ 25 మి.మీ. మేర బలం దాదాపు సగానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడుతుంది. దృఢత్వం మాత్రం అలాగే ఉంటుంది, మళ్లీ ఆ తేడానే. చల్లారేటప్పుడు లోహం లాక్కుపోయి ఫ్రేమ్ వంకరపోవడం, పోటీ మధ్యలో ముక్క మార్చలేకపోవడం అదనం. మంచి వెల్డర్ దగ్గరుంటే ఒక మాట, నేర్చుకుంటున్న విద్యార్థే వెల్డర్ అయితే ఇంకో మాట. నన్నడిగితే రివెట్లూ గసెట్లే. ఇందులో నా పాత అనుభవం పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.

చిల్లులు ఎంత మిగులుస్తాయి?

చిల్లులు పెట్టిన ఫ్రేమ్ చూడటానికి బాగుంటుంది, విమానం ముక్కలా. లెక్క మాత్రం అంత ముచ్చటగా లేదు. 3 మి.మీ. గోడ మీద 25 మి.మీ. చిల్లు ఒక్కోటి 4 గ్రాములు తీస్తుంది. 700 మి.మీ. ట్యూబ్‌కు రెండు పక్కలా 13 చొప్పున పెడితే మిగిలేది 103 గ్రాములు. అదే ట్యూబ్‌ను 1.5 మి.మీ. గోడకు మారిస్తే చిల్లు పెట్టకుండానే 374 గ్రాములు.

చిల్లుల వల్ల నష్టం ఎంత అన్నది ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. నిలువు గోడ నడుమ పెడితే ఆ చోట వంపును ఆపే శక్తి 6 శాతం తగ్గుతుంది, పట్టించుకోనక్కర్లేదు. పై గోడ మీదా కింది గోడ మీదా పెడితే అసలు పనిచేసే లోహాన్నే తీసేసినట్టు. మెలిక విషయంలో ఏ గోడ మీద పెట్టినా నష్టమే, చుట్టూ తిరిగే దారికి అడ్డం పడుతుంది కాబట్టి. మందపు ప్లేట్లలో, గేర్‌బాక్స్ పక్క ప్లేట్లలో మాత్రం కండలా పేరుకున్న లోహాన్ని త్రిభుజాలుగా కోసి తీయడం నిజంగా లాభం.

అసలు ఎంత దృఢత్వం కావాలి, ఎంత తేలిక కావాలి

పూర్తిగా బిగుసుకున్న ఫ్రేమ్ మంచిదేనా అన్నదీ చర్చే. నాలుగు కాళ్ల స్టూలు ఎగుడుదిగుడు నేల మీద ఒక కాలు ఎత్తి కూర్చుంటుంది. నాలుగు మెకానమ్ చక్రాలున్న (అంచు చుట్టూ ఏటవాలు రోలర్లు ఉండి, పక్కకు కూడా నడిపించే చక్రాలు) రోబో కూడా అంతే. ఆ చక్రాలు పక్కకు కదలాలంటే నాలుగూ నేలను తాకాలి, ఫ్రేమ్ కొంచెం మెలితిరిగితే అది సాధ్యమవుతుంది. అందుకే కొందరు కావాలనే మెలికను వదిలేస్తారు. దీనికి ఎదురు వాదన: మెలిక అక్కడ ఉపయోగపడినా పైన నిలబెట్టిన పొడవాటి చేతికి అదే శాపం, కింద ఒక మిల్లీమీటరు పైన పదవుతుంది. చేతులూ లిఫ్టులూ లేని పొట్టి రోబోకు మొదటి వాదన నప్పుతుంది, పొడుగు రోబోకు రెండోది.

బరువు సంగతీ అనుకున్నంత తిన్నగా లేదు. మోటార్ల శక్తి చాలకపోతే తేలిక రోబో వేగంగా పుంజుకుంటుంది. కానీ చక్రాలు జారేంత శక్తి మోటార్లలో ఉంటే, వేగం పుంజుకోవడానికి హద్దు నేల పట్టు. పట్టు బరువుతో పాటే పెరుగుతుంది కాబట్టి తేలిక చేసినా ఆ హద్దు మారదు. నెట్టుకునే ఆటలో అయితే బరువున్నదే గెలుస్తుంది. ఇదంతా తెలిసిన టీములు కూడా ఫ్రేమ్ బరువు తగ్గించడానికి అంత కష్టపడేది ఎందుకంటే, తూకంలో మిగిలిన బరువును తమకు కావాల్సిన చోట పెట్టుకోవచ్చని. 50 కిలోల రోబోలో నేలకు మీటరు ఎత్తులో ఉన్న కిలోన్నరను తీసి 10 సెం.మీ. ఎత్తులో పెడితే గురుత్వ కేంద్రం 27 మి.మీ. కిందికి దిగుతుంది. అందుకే తనిఖీ వరుసలో ఒక వింత కనిపిస్తుంది: పైన ప్రతి ప్లేటునూ జల్లెడలా కోసిన రోబో, దాని అడుగున చక్రాల మధ్య బోల్టులతో బిగించిన గట్టి స్టీలు దిమ్మ.